చిమ్నీకి ఇవ్వాల్సిన కూలి: ఒక పాత బొగ్గు స్టౌ కేసు

"పొయ్యి నిండా కణకణలాడే నిప్పుంది నాయనా. నా పాదాలు మాత్రం చూడు, ఐసు ముక్కలు."

ఈ కేసులో ఫిర్యాదు ఇంతే. చెప్పినావిడ ఖమ్మం దగ్గరి పల్లె నుంచి ఆర్నెల్లు ఉండిపోదామని కొడుకు దగ్గరికి వచ్చారు. మూడు జతల సాక్సులు తొడుక్కుని, కాళ్లు కుర్చీ మీదికి లాక్కుని కూర్చున్నారు. ఆమెకు నాలుగడుగుల దూరంలో నా భుజాల ఎత్తున్న పోత ఇనుప స్టౌ. చుట్టూ ఉన్న మైకా (అభ్రకం) కిటికీల్లోంచి నారింజ రంగు వెలుగు గది నిండా పరుచుకుంది. చూడటానికి భోగిమంటను ఎత్తుకొచ్చి ఇంట్లో పెట్టినట్టుంది. గది మాత్రం నడుం పైనుంచే వెచ్చన. కింద నేలంతా జిల్లుమంటోంది.

పెన్సిల్వేనియా ఈశాన్య మూలన, స్క్రాంటన్ చుట్టుపక్కల ఊళ్లలో బాయిలర్లు, ఫర్నేసులు, చిమ్నీలు చూసుకోవడం నా పని. నూరేళ్ల నాటి బొగ్గు స్టౌలు ఏడాదికి రెండో మూడో తగులుతాయి. వాటిలో డబ్బు మిగలదు, ఇష్టం కొద్దీ చేస్తాను. పుట్టి పెరిగింది కొత్తగూడెంలో. ఇంటివాళ్లు సరేనన్నాకే ఇది రాస్తున్నాను, పేర్లూ ఊరూ వదిలేశాను. నేను చేసిన తప్పు కూడా ఇందులో ఉంది. నిజానికి అదే లేకపోతే ఇది రాయాల్సినంత కేసు కాదు.

ఇల్లు 1905 ప్రాంతంలో కట్టిన రెండంతస్తుల చెక్క ఇల్లు. ముందుగది 16 అడుగులకు 14, దాన్ని ఆనుకుని తలుపు లేని భోజనాల గది. పైకప్పు తొమ్మిదిన్నర అడుగులు. గ్యాస్ బాయిలర్ ఉంది కానీ ఈ రెండు గదుల రేడియేటర్లను ఎవరో ఎప్పుడో పీకేశారు. స్టౌ ఇంటితో పాటే వచ్చింది. అమ్మే ముందు ఎవరితోనో దాన్ని 'కొత్తది' చేయించారు. నికెల్ అంచులన్నీ అద్దంలా మెరిపించి, పొట్టకు వెండిరంగు పెయింట్ కొట్టి, పొగగొట్టం బిగించి వెళ్లారు. బయటికి పెళ్లికొడుకే. లోపలి సంగతి ఎవరూ చూడలేదు.

ఈ స్టౌ అసలు చేయాల్సిన పని

దీన్ని ఇక్కడ బేస్ బర్నర్ అంటారు. ఇది ఎందుకిలా పుట్టిందో తెలియాలంటే ముందు ఇక్కడి బొగ్గు తెలియాలి. ఈ లోయలో దొరికేది ఆంత్రసైట్. రాయిలా గట్టిగా, గాజులా నిగనిగలాడుతుంది, చేతికి మసి అంటదు. దాదాపు అంతా కార్బనే. కాలితే ఆవిరై మండే పదార్థం నూటికి ఎనిమిది పాళ్లకు మించదు. మా సింగరేణి బొగ్గు దీనికి పూర్తిగా తిరగేసిన సరుకు. అది ఇట్టే అంటుకుంటుంది, పొడుగాటి పచ్చమంట, దట్టమైన పొగ, బోలెడు బూడిద. చిన్నప్పుడు సాయంత్రమయ్యేసరికి క్వార్టర్ల ముందు బొగ్గు పొయ్యిలు అంటించేవాళ్లు. వీధి చివర ఎవరున్నారో కనిపించేది కాదు.

ఆంత్రసైట్‌కు నిప్పు అంటించడం పెద్ద తపస్సు. దాదాపు 500 డిగ్రీల దాకా కాగితే గానీ రాజుకోదు. 1808 ఫిబ్రవరి 11న ఇక్కడికి దగ్గర్లోని విల్క్స్‌బారీలో జెస్సీ ఫెల్ తన సత్రంలో ఇనుప జల్లెడ మీద, కింది నుంచి గాలి తగిలేలా దీన్ని మండించి చూపించాడు. ఇళ్లలో చలి కాచుకోవడానికి ఈ రాయి పనికొస్తుందని లోకానికి నమ్మకం కుదిరింది అప్పుడే. కష్టపడి అంటించాక దాన్ని ఆరనివ్వకూడదు. అలా శీతాకాలమంతా ఆరకుండా ఉంచడానికి పుట్టిన యంత్రమే బేస్ బర్నర్. న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలోని యూనియన్ కాలేజీ అధ్యక్షుడు ఎలిఫలెట్ నాట్ పొయ్యిలోనే బొగ్గు నిల్వ ఉంచి, అది దానంతటదే నిప్పులోకి జారే పద్ధతి మీద కుస్తీపట్టాడు. తరవాత ఆల్బనీ ఊరి వాళ్లు దాన్ని గిరాకీ ఉన్న సరుకు చేశారు. ఎంత గిరాకీ అంటే, లిటిల్‌ఫీల్డ్ అనే తయారీదారుకూ పెర్రీ అనే తయారీదారుకూ మధ్య స్టౌ పేటెంట్ల తగాదా 1874లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక పొయ్యి కోసం సుప్రీంకోర్టా అనిపిస్తుంది. కానీ అప్పట్లో ఇంట్లో ఉండే ఖరీదైన యంత్రాల్లో అదొకటి.

పనితీరు ఇలా ఉంటుంది. పైమూత తీస్తే మధ్యలో వేలాడే పోత ఇనుప గొట్టం కనిపిస్తుంది. దాన్ని మ్యాగజైన్ అంటారు. అందులో ఒక రోజుకు సరిపడా బొగ్గు నింపుతారు. దాని మూతికి కింద ఫైర్‌పాట్, అంటే నిప్పుండే కుండ. కింద బొగ్గు కాలి కుంగిన కొద్దీ పైది జారుతుంది. గొట్టంలో ఉన్నదానికి గాలి ఉండదు కాబట్టి అది అంటుకోదు. గొట్టం మూతికీ కుండ అంచుకూ మధ్య నిప్పు ఉంగరంలా కనిపిస్తుంది. మైకా కిటికీలు సరిగ్గా అక్కడే ఉంటాయి. ఆ నిప్పు మీద నీలం మంటలు నాట్యమాడుతుంటాయి. ఆ నీలం, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కాలడం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంతవరకూ కంటికి కనిపించేది. గదిని వెచ్చబెట్టే అసలు ఏర్పాటు వెనకా అడుగునా దాక్కుని ఉంటుంది. కాలిన వేడి వాయువులకు రెండు దారులు. నిప్పు అంటించేటప్పుడు డ్యాంపర్, అంటే దారి మూసే తిప్పుడు పలక, తెరిస్తే నేరుగా వెనక గొట్టంలోకి, అక్కణ్ణుంచి చిమ్నీలోకి. నిప్పు నిలబడ్డాక డ్యాంపర్ మూస్తే ఆ దారి బంద్. అప్పుడు వాయువులు స్టౌ వెనక ఒక సందులోంచి కిందికి దిగాలి, బూడిద పెట్టె చుట్టూ ఉన్న పీఠమంతా తిరగాలి, ఇంకో సందులోంచి పైకెక్కి అప్పుడు చిమ్నీ చేరాలి. గుడిలో ప్రదక్షిణ చేశాకే బయటికి పంపినట్టు. ఆ ప్రదక్షిణలో వేడి పీఠానికి దిగుతుంది. పీఠం నేలకు ఆరంగుళాల ఎత్తులో ఉంటుంది. నేల మీది చల్లగాలి దాని కింద దూరి, వెచ్చబడి, వెనక నిలువు గొట్టంలోంచి పైకి తన్నుకొస్తుంది. గది గాలి అలా తిరుగుతూ ఉంటుంది.

అంటే ఈ స్టౌ గదిని రెండు రకాలుగా వెచ్చబెడుతుంది. కిటికీల్లోంచీ నల్లని పొట్ట నుంచీ వచ్చే సెగ ఒకటి, అది ఎదురుగా ఉన్న మనిషికి తగులుతుంది. పీఠం తిప్పే గాలి రెండోది, అది నేలకు తగులుతుంది. పెద్దావిడకు మొదటిది అందుతోంది, రెండోది అసలు లేదు.

కొలతలు

మొదటి రోజు బయట మైనస్ 9 డిగ్రీలు. (ఇక్కడ అందరూ ఫారెన్‌హీట్ అంటారు, నేను సెల్సియస్‌లోనే రాస్తున్నాను.) గది మధ్యలో, కుర్చీ ఎత్తున 19. నేలకు నాలుగంగుళాల పైన 13. పైకప్పు దగ్గర 29. తలకూ పాదానికీ ఇంత తేడా ఉంటే ఎంత కాల్చినా చలే. స్టౌ పొట్ట 330. పీఠం పక్కభాగం 50, చెయ్యి ఆనించి ఉంచొచ్చు. వెనక పొగగొట్టం పైతొడుగు 265, అంటే లోపలి వాయువు ఏ 400 దగ్గరో ఉంటుంది. డ్యాంపర్ పిడి మాత్రం 'మూసి ఉంది' అనే వైపు నిలబడి ఉంది.

పిడి చెప్పింది ఒకటి, థర్మామీటర్ చెప్పింది ఇంకొకటి. డ్యాంపర్ నిజంగా మూసి ఉంటే పీఠం 50 ఉండదు, గొట్టం 265 ఉండదు. ఆ రెండంకెలు పక్కపక్కన రాసుకోగానే రోగం సగం తేలిపోయింది.

బొగ్గు ఎంత పోస్తున్నారని అడిగాను. రోజుకు సంచిన్నర, ఒక్కో సంచి 40 పౌన్లు. కాటా పెట్టి చూస్తే రోజుకు 26 కిలోలు తేలింది. కిలో ఆంత్రసైట్‌లో సుమారు 29 మెగాజౌళ్ల వేడి ఉంటుంది. 26 కిలోలంటే రోజంతటికీ సగటున 8.7 కిలోవాట్లు. గోడలు, కిటికీలు, సందులు లెక్కేస్తే ఆ చలికి ఈ రెండు గదులకూ కావాల్సింది ఐదు కిలోవాట్లకు కాస్త అటూఇటూ. మిగిలింది ఎక్కడికి పోతోంది? కిలో బొగ్గు కాలడానికి పోయే గాలీ, అవసరానికి మించి దూరే గాలీ కలిపితే పాతిక కిలోల వాయువు అనుకోండి. అది 400 డిగ్రీల దగ్గర బయటికి పోతే కిలోకు పది మెగాజౌళ్లు చిమ్నీ పాలు. మూడో వంతు పైనే. దానికి తోడు బూడిదలో కాలకుండా పోయే కార్బన్. ఆ ఇల్లు రోజూ పది కిలోల బొగ్గుతో ఆకాశాన్ని వెచ్చబెడుతోంది.

కొడుకు అన్నాడు, "అన్నా, నిప్పు మందగిస్తే పైనుంచి ఇనుప చువ్వతో కదుపుతున్నా. ఒక్కోసారి అదీ ఆరిపోతోంది."

నవ్వొచ్చింది. ఈ దేశంలో నా మొదటి చలికాలం నేనూ అదే చేశాను. కొత్తగూడెం వాడికి బొగ్గు గురించి ఎవరైనా చెప్పేదేంటి అని గీర. మన బొగ్గుకు పైనుంచి కదిపి గాలి తగిలిస్తే భగ్గుమంటుంది. ఆంత్రసైట్ అలా కాదు. ముక్కకు ముక్క ఆనుకుని, ఒకదాని వేడితో ఇంకొకటి కాలుతుంది. పైనుంచి కదిపితే ఆ పొందిక చెదిరి, బూడిద మధ్యలోకి దిగి, ఊపిరాడక చస్తుంది. దాన్ని కింది నుంచి జల్లెడ ఊపి బూడిద రాల్చాలి, ఎర్రటి కణికలు రెండు మూడు పెట్టెలోకి రాలగానే ఆపాలి. నివురుగప్పిన నిప్పు అనే మాట బహుశా ఈ బొగ్గు కోసమే పుట్టి ఉంటుంది. పైకి చల్లారినట్టుంటుంది, లోపల తెల్లగా కాలుతుంటుంది.

విప్పి చూస్తే

స్టౌ పూర్తిగా చల్లారడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఆ రెండు రాత్రులూ పెద్దావిడ పైగదిలో గ్యాస్ రేడియేటర్ పక్కన పడుకున్నారు. పొద్దున దిగి, "ఇక్కడే హాయిగా ఉంది, ఆ ఇనుప గుర్రం ఎందుకు మీకు?" అన్నారు. సమాధానం చెప్పలేదు. న్యాయమైన ప్రశ్నే.

వెనక పలక విప్పగానే సంగతి బయటపడింది. డ్యాంపర్ పలకను ఇరుసుకు పట్టి ఉంచే మేకు తుప్పుపట్టి తెగిపోయింది. పిడి తిప్పితే ఇరుసు తిరుగుతోంది, పలక తిరగడం లేదు. అది ఊడి కిందికి జారి, వాయువులు దిగాల్సిన సందుకు అడ్డంగా పడుకుంది. అంటే మూయాల్సిన దారి బార్లా తెరిచి ఉంది, తెరవాల్సిన దారి మూసుకుపోయింది. పీఠంలోపల సన్నని మెత్తటి బూడిద గడ్డకట్టి కూర్చుంది, రెండు బకెట్లు తీశాను. నికెల్ మెరిపించినవాళ్లకు ఈ పలక విప్పడం పావుగంట పని.

పాత స్టౌల అతుకుల్లో ఉండే తాడూ ముద్దా ఆస్బెస్టాస్ అయి ఉండొచ్చు, దాని పొడి ఊపిరితిత్తులకు చేటు. పొడిగా గీకకూడదు. చిన్న ముక్క తడిపి, తీసి, ల్యాబుకు పంపి, ఫలితం వచ్చాకే ముందుకెళ్లాను. ఈ స్టౌలో అది లేదని తేలింది. ఇంకో స్టౌలో ఉంటుంది. ఇంట్లో ఎవరూ సొంతంగా ఈ పని మొదలెట్టకండి.

ఇక కారుతున్న అతుకులు. దీనికి రెండు పరీక్షలు. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి స్టౌ లోపల వంద వాట్ల బల్బు పెడితే, వెలుతురు గీతలు ఎక్కడ కనిపిస్తే అక్కడ సందు. రెండోది, నిప్పున్నప్పుడు అతుకుల వెంట అగరుబత్తి పొగ నడిపించడం. పొగ లోపలికి లాక్కుపోతే అక్కడ గాలి దూరుతోంది. పెద్దావిడ పూజ మూలలోంచి కట్టంతా తెచ్చిచ్చారు. "దేవుడికి పెట్టేది పొయ్యికి పెడుతున్నావా" అని ఒక చూపు చూసి, తనే ఒకటి వెలిగించుకుని నాకు అందని వెనకవైపు పట్టుకున్నారు. బూడిద తలుపు అంచునా, కుండకూ పీఠానికీ మధ్య అతుకు దగ్గరా పొగ సూటిగా లోపలికి దూకింది.

సందులోంచి పొగ బయటికి రావడం లేదు కదా, లోపలికి గాలి పోతే నష్టమేంటి అని చాలామంది అడుగుతారు. బూడిద తలుపులోంచి దూరే గాలి నిప్పు కిందికి వెళ్తుంది, మనం గాలి చిల్లు మూసినా మంట తగ్గదు, స్టౌ మన చెప్పుచేతల్లో ఉండదు. పీఠం అతుకులోంచి దూరే చల్లగాలి వాయువులతో కలిసి వాటిని చల్లారుస్తుంది, చిమ్నీ లాగుడును, అంటే వాయువును పైకి లాగే బలాన్ని, తినేస్తుంది.

పలకకు అట్టముక్కతో కొలత తీసి, దళసరి ఉక్కు రేకుతో కొత్తది కోయించాను. మేకు స్టెయిన్‌లెస్. అతుకులకు ఫర్నేస్ సిమెంట్, తలుపుకు ఫైబర్‌గ్లాస్ తాడు. మైకా రేకులు నాలుగు పొరలు లేచి తెల్లబడ్డాయి, మార్చాను. మన వైపు గూడూరు, సైదాపురం గనుల్లో తవ్వే అభ్రకమూ ఈ జాతి రాయే. పిల్లలం కాకిబంగారం అని ఏరుకుని గోళ్లతో పొరలు తీసి ఆడుకున్నది. గాజు పగిలిపోయే చోట అంత పల్చటి రేకు వేడికి నిలబడుతుంది, పైగా ముడుచుకున్నా పగలదు. ఇప్పటికీ కొత్త రేకు కోసేటప్పుడు చేతులు ఆ ఆట గుర్తుచేసుకుంటాయి.

వెండిరంగు పెయింట్ మొత్తం తీసేశాను. ఇంటాయన కాస్త బాధపడ్డాడు. కానీ లోహపు రంగు సెగను బయటికి వదలదు. నల్లటి మోటు ఇనుము తన వేడిలో వదలగలిగినంతా వదులుతుంది, అల్యూమినియం రంగు కొడితే చాలా తక్కువ వదులుతుంది, మెరిసే నికెల్ అయితే దాదాపు వదలనట్టే. అందుకే అప్పటివాళ్లు నికెల్‌ను అంచులకూ కాళ్లు ఆనించుకునే కడ్డీలకూ పరిమితం చేసి, పొట్టకు గ్రాఫైట్ నలుపు రుద్దారు. అందం కోసమే అనుకుంటాం. ఆ కడ్డీ నుంచి సెగ పెద్దగా రాదు, పక్కనున్న నల్ల ఇనుము సెగ మాత్రం నాలుగడుగుల దూరంలో ముఖానికి తగులుతుంది.

జనవరి చివర మళ్లీ నిప్పు వేశాం. ముందు కట్టెలు, అవి బొగ్గులయ్యాక గుప్పెడు గుప్పెడుగా ఆంత్రసైట్. నట్ సైజు, అంటే ఉజ్జాయింపుగా నిమ్మకాయ కంటే చిన్న ముక్కలు. దానికంటే పెద్దవైతే మ్యాగజైన్ మూతిలో వంతెన కట్టి ఇరుక్కుంటాయి, చిన్నవైతే గాలి ఆడదు. మూడు గంటల తరవాత డ్యాంపర్ మూశాను. పావుగంటలో పీఠం ఒళ్లు విరుచుకుంటున్నట్టు టిక్కుటిక్కుమంది.

మర్నాటి అంకెలు: పీఠం 140, పొగగొట్టం 85, కుర్చీ ఎత్తున 21, నేల దగ్గర 17న్నర, పైకప్పు 24. బొగ్గు 17 కిలోలు. బయట మైనస్ 8. చిమ్నీ లాగుడు 0.04 (నీటిమట్టాన్ని అన్ని అంగుళాలు లేపే ఒత్తిడి), అంటే 10 పాస్కల్స్. పుస్తకం ప్రకారం అంతా భేషు. పెద్దావిడ సాక్సులు ఒక జతకు దిగాయి. బిల్లు రాసి, కాఫీ తాగి, వచ్చేశాను.

నేను చూడనిది

మార్చి మొదటి వారం, ముసురు పట్టిన మధ్యాహ్నం. ఇంటావిడ ఫోన్. "అన్నయ్యా, కార్బన్ మోనాక్సైడ్ డబ్బా మీద 34 చూపిస్తోంది. మోగట్లేదు. ఫరవాలేదా?"

ఫరవాలేదు అనే మాట ఇక్కడ చెప్పకూడదు. అందరూ కోట్లు వేసుకుని బయటికి నడవండి, అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి, స్టౌ ముట్టుకోవద్దు అన్నాను. ఈ దేశంలో అమ్మే మామూలు అలారం 70 పీపీఎం (గాలిలో పదిలక్షల పాళ్లకు 70) దగ్గర కూడా గంట నుంచి నాలుగు గంటల దాకా ఆగి మోగేలా తయారవుతుంది. మోగలేదంటే లేదని కాదు. అంకె చూపించే డబ్బా కొనమని జనవరిలో నేనే పోరాను. ఆ కేసు మొత్తంలో నేను నిస్సందేహంగా సరిగ్గా చేసిన పని అదొక్కటే.

ఎవరికీ ఏమీ కాలేదు. దళం వాళ్లు తలుపులు తెరిచి, గాలి ఆడించి, కొలిచి, స్టౌ వాడొద్దని చెప్పి వెళ్లారు. నేను వెళ్లి మీటరు పెడితే లాగుడు 0.01 కంటే తక్కువ. నిప్పు ఉంది, నీలం మంట లేదు. ఆ వాయువు కాలకుండా పీఠంలో తిరిగి, చిమ్నీ ఎక్కే ఓపిక లేక, అతుకుల్లోంచి గదిలోకి ఒలుకుతోంది.

చిమ్నీ ఎలా లాగుతుంది? లోపలి వేడిగాలి బయటి చల్లగాలి కంటే తేలిక. ఆ బరువు తేడా, చిమ్నీ ఎత్తు, ఈ రెండే దాని బలం. ఈ ఇంటి చిమ్నీ 8 మీటర్లు. లోపల సుమారు 8 అంగుళాలకు 12. మూడు వైపులా బయటి గాలికి తెరిచి ఉన్న ఇటుక కట్టడం. నేను బాగు చేయకముందు 400 డిగ్రీల వాయువు దాన్ని దండిగా కాచేది, లాగుడు 0.11 ఉండేది. బాగు చేశాక 85 డిగ్రీల గొట్టంలోంచి వెళ్లే కొద్దిపాటి వాయువు ఆ పెద్ద చల్లని ఇటుక బావిలో పడి, సగం ఎక్కకముందే 25 డిగ్రీలకు వచ్చేస్తోంది. బయట మైనస్ 8 ఉన్నప్పుడు 25 కూడా చాలు, తేడా 33 ఉంది కదా. అందుకే జనవరి చివర మీటరు భేషుగ్గా చూపించింది. బయట 9 డిగ్రీలు, ముసురు, ఇటుకలు తడిసి ఉన్న రోజున చిమ్నీ సగటు 15 దాటలేదు. తేడా ఆరు డిగ్రీలు. లెక్క కడితే రెండే పాస్కల్స్. దానితో దీపం పొగ కూడా సరిగ్గా లేవదు.

నేను గది కోసం చిమ్నీ దగ్గర్నుంచి వేడి లాక్కున్నాను. ఎంత లాక్కుంటే అంత గొప్ప అనుకున్నాను. చిమ్నీ ఊరికే పనిచేయదు, దాని కూలి వేడి రూపంలోనే ఇవ్వాలి. జనవరి చలిలో అది తక్కువ కూలికి వస్తుంది, మార్చి ముసురులో రాదు. చలి రోజున ఒక్కసారి కొలిచి సంతకం పెట్టడం నా తప్పు. ఇంకా ఘోరం, ఆ చిమ్నీ కొలతలు నా కాగితంలో మొదటి రోజు నుంచీ ఉన్నాయి. 8 బై 12 అంటే 96 చదరపు అంగుళాలు. ఆ స్టౌ పొగగొట్టం ఆరంగుళాల గుండ్రం, అంటే 28. మూడు రెట్లకు పైన. చూసి కూడా చూడలేదు.

మునుపటి యజమానికి ఆ ప్రమాదం ఎందుకు రాలేదని ఇంటాయన అడిగాడు. చెడిపోయిన డ్యాంపరే వాళ్లను కాపాడింది. వేడంతా వృథాగా పైకి పోవడం వల్లే చిమ్నీ బాగా లాగేది. నేను మొదటి జబ్బు నయం చేసేసరికి రెండోది బయటపడింది.

ఆ బాగుచేత నా ఖర్చుతోనే చేశాను, కూలి మటుకు. సామానుకు వాళ్లు ఇచ్చారు. ఇటుక చిమ్నీ లోపలికి ఆరంగుళాల స్టెయిన్‌లెస్ గొట్టం (లైనర్) దించి, దాని చుట్టూ వేడి పోకుండా దుప్పటి చుట్టి, పైన మూత బిగించాను. పొగగొట్టానికి బారోమెట్రిక్ డ్యాంపర్ పెట్టాను. గాలి ఉద్ధృతంగా లాగినప్పుడు అదే కాస్త తెరుచుకుని గది గాలిని పీల్చి లాగుడును ఒక హద్దులో ఉంచుతుంది. వెచ్చని రోజుల్లో డ్యాంపర్ పూర్తిగా మూయకుండా ముప్పావు దగ్గరే ఆపేలా పిడి పక్కన ఒక మేకు కొట్టాను. పగలు బయట 10 డిగ్రీలు దాటడం మొదలైతే నిప్పు ఆర్పేయాలని కూడా ఒప్పందం. ఇక్కడి పాతకాపులు ఇదంతా పుస్తకాలు లేకుండానే చేసేవాళ్లు. నా పొరుగున ఉండే ఒక రిటైర్డ్ గని కార్మికుడి కొడుకు ఇది విని, "మా అమ్మ ఉతికిన బట్టలు ఆరట్లేదంటే డ్యాంపర్ తెరిచేది" అన్నాడు. ముసురు రోజున బట్టలు ఆరవు, చిమ్నీ లాగదు. రెండింటికీ ఒకే కొలత.

వేసవిలో ఇంకో పని తప్పదు. పొగగొట్టం విప్పి, పీఠంలోనూ లైనర్‌లోనూ బూడిద పూర్తిగా తీసేయాలి. బొగ్గులోని గంధకం ఆ బూడిదలో ఉంటుంది. జులై చెమ్మకు అది ఆమ్లమై ఇనుమును తింటుంది. ఆ డ్యాంపర్ మేకును తిన్నది అదే అని నా నమ్మకం. స్టౌ కాలేటప్పుడు కాదు, కాలనప్పుడే పాడవుతుంది.

మరుసటి డిసెంబరులో చూడటానికి వెళ్లాను, పిలవకపోయినా. బయట 7 డిగ్రీలున్న రోజే కావాలని ఎంచుకున్నాను. లాగుడు 0.04. నాలుగు రోజుల తరవాత మైనస్ 12కి పడిపోయినప్పుడు మళ్లీ వెళ్తే 0.05, బారోమెట్రిక్ తలుపు సగం తెరుచుకుని ఊగుతోంది. పీఠం 130, పొగగొట్టం 95. జనవరి లెక్క కంటే పీఠం పది డిగ్రీలు తక్కువ, గొట్టం పది ఎక్కువ. బొగ్గు రోజుకు 18 కిలోలు. డబ్బా మీద సున్నా.

పెద్దావిడ మళ్లీ వచ్చి ఉన్నారు. బూడిద అంట్లు తోమడానికి పనికొస్తుందా అని అడిగారు. వద్దమ్మా, ఇది కట్టె బూడిద కాదు, కూరమొక్కలకు కూడా వేయకండి అన్నాను. ఇక్కడివాళ్లు మంచు గడ్డకట్టిన మెట్ల మీద జారకుండా చల్లుతారని చెప్పాను. ఇనుప డబ్బాలో రెండు రోజులు చల్లారనిచ్చాకే, లోపల కణిక లేదని చూసుకుని. నేను బయల్దేరేసరికి ఆమె కోటు మీద శాలువా కప్పుకుని గుమ్మంలో వంగి ఉన్నారు. నాలుగు మెట్ల మీదా బూడిద వేళ్ల సందుల్లోంచి జారుస్తున్నారు. వరసలు తప్పకుండా, ముగ్గు పెట్టినట్టే.